ఏడో నంబరు షేవల్‌కు తడి గోనె

దేవన్నకు ఆ డబ్బా చూడగానే నచ్చేసింది. న్యాయంగా అయితే నచ్చకూడదు. సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఇరవై రెండేళ్లుగా ఇంజన్లకు చెవి ఆనించి రోగం చెప్పే మెకానిక్ ఆయన. మూడడుగుల ఇనుప కడ్డీ ఒక కొసను పంపు మీద పెట్టి, రెండో కొసను చెవి పక్క ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని "బేరింగు పోయింది, ఇప్పుండ్రి" అన్నాడంటే ఇక విప్పాల్సిందే. విప్పితే పోయిన బేరింగు కనబడాల్సిందే. అలాంటి మనిషి పొట్ట కొట్టడానికే కంపెనీ ఈ డబ్బాలు తెప్పించిందని క్యాంపులో అందరూ తీర్మానించేశారు. కొందరు ఓదార్చడానికి కూడా వచ్చారు. ఆయనేమో కొత్త సైకిలు వచ్చిన పిల్లాడిలా డబ్బా చుట్టూ తిరుగుతున్నాడు.

టిఫిన్ డబ్బా అంత ఉంటుంది అది. లోపల ఫోన్లో వేసుకునేలాంటి సిమ్ము. బయటికి రెండు వైర్లు. ఒకదాని కొసన వేడిని పట్టే బిళ్ల, ఇంకోదాని కొసన అదురును పట్టే బిళ్ల. బండికి బిగిస్తే నిమిషానికోసారి ఆ వేడీ, ఆ నిమిషంలో పట్టిన అదురంతా గాల్లో ప్రయాణం చేసి ఆఫీసులో కంప్యూటర్ మీద గీతై కూర్చుంటాయి. యార్డులో ఉన్న నలభై బండ్లకూ నలభై గీతలు! అన్ని ఇంజన్లనూ ఒకేసారి, కుర్చీలో కూర్చుని, చెయ్యి మసి కాకుండా వినొచ్చన్నమాట. "గిది నా కడ్డీకి పెద్దన్న" అన్నాడు దేవన్న. అంతే, ఆ రోజు నుంచి ఆయనకు రెండు పూటలా అదే ధ్యాస.

అసలు ఆయన ధ్యాస ఉండాల్సింది ఇంకోచోట. అది 2018. బయటి దేశం మనిషి మనిషికీ సర్కారుకు నెల నెలా లెవీ కట్టలేక కంపెనీలు జనాన్ని ఇళ్లకు పంపుతున్న రోజులు. పైగా సర్కారు వేసే నితాకత్ లెక్కలో ఈ కంపెనీ పసుపు రంగులో పడింది. సౌదీవాళ్లు సరిపడా లేని కంపెనీకి పసుపు రంగు వేస్తారు. పసుపులో ఉన్నంతకాలం ఏళ్ల తరబడి ఉన్న బయటి దేశం వాళ్లకు ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, రెన్యువల్ కాదు. దేవన్న ఇకామా సఫర్ నెలలో, అంటే అక్టోబరులో అయిపోతుంది. కంపెనీ ఆకుపచ్చలోకి రావడానికి తక్కువైంది ఒకే ఒక్క సౌదీ మనిషి.

ఆ ఒక్కడి కోసం అప్పటికి ఇద్దరిని పెట్టారు. మొదటివాడు పద్దెనిమిది రోజులున్నాడు. రెండోవాడు నెల. ఇద్దరూ ఒక సాయంత్రం "బుక్రా", అంటే రేపు కలుద్దామని చెప్పి వెళ్లారు, మళ్లీ రాలేదు. వాళ్లను తిట్టి లాభం లేదు. కంపెనీ వాళ్లకు కుర్చీ ఇచ్చింది గానీ పని ఇవ్వలేదు. పని లేని కుర్చీలో కుర్రవాడు ఎన్నాళ్లని కూర్చుంటాడు? మూడోవాడిగా తుర్కీ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, టెక్నికల్ కాలేజీలో డిప్లొమా, మడత నలగని తెల్లటి తోబు అనే నిలువు అంగీ, కాళ్లకు చెప్పులు, చేతిలో ఫోను. ఇతను మూడు నెలలు నిలబడితే కంపెనీ పచ్చబడుతుంది.

ఆఫీసులో కాగితాలన్నీ చూసేది కడప నౌమాన్. అతను దేవన్నను పక్కకు పిలిచి సూటిగా చెప్పాడు. "దేవన్నా, నీ ఇకామా ఆ పిల్లోని కాళ్లల్లో ఉండాది. వాడు దినామూ నడిచొస్తే నువ్వు ఉంటావు. ఒకరోజు రాకుండా నిలిచిపోతే నువ్వూ పెట్టె సర్దుకోవాల్సిందే."

ఊళ్లో భార్య ముత్యవ్వ ఫోన్లో ఇంకా సూటిగా చెప్పింది. "వస్తె రా, వద్దంటనా? గని బిడ్డ నర్సింగ్ ఇంకా రెండేండ్లున్నది. అది యాదిల పెట్టుకో." కూతురు సృజన చదువు మధ్యలో ఆపే మాట ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. అందుకే దేవన్నకు ఆ మాట ఎప్పుడూ చెవిలో మోగుతూనే ఉండేది.

కాబట్టి ఆయన మొదట తుర్కీ దగ్గరికి పోయింది స్వార్థంతోనే. కుర్రవాణ్ణి ఎలాగైనా నిలబెట్టుకోవాలి. పొద్దున టిఫిన్ వేళ రెండు చాయ్‌లు పట్టుకుని ఆఫీసుకు పోయేవాడు. ఎవరికీ తీరిక లేదని కంప్యూటర్ గీతలు చూసే పని తుర్కీకి అంటగట్టారు. అతనికేమో గీతలు కనబడుతున్నాయి గానీ వాటి వెనక బండి కనబడటం లేదు. దేవన్నకు బండి తెలుసు, కంప్యూటర్ మీది ఇంగ్లీషు ముక్క తెలియదు. ఇద్దరి మధ్యా నడిచేది దేవన్న పని అరబ్బీ. వ్యాకరణం లేని ఆ అరబ్బీని ఉన్నదున్నట్టు రాస్తే చదవలేం కాబట్టి తెలుగులోనే చెప్పుకుందాం.

"గీ గీత ఎవరిది?" అన్నాడు దేవన్న ఒకరోజు.

"పన్నెండో నంబరు డంపర్."

"వణుకుతున్నది సూడు. నాలుగు దెబ్బల్ల ఒకటి తక్కువ పడుతున్నది. ఒక సిలిండర్ పని చేస్తలేదు."

తుర్కీ నవ్వాడు. "ఇక్కడి నుంచి ఎలా చెప్తావు?"

"నడు, సూపెడత."

చెప్పులతోనే యార్డులోకి వచ్చాడు తుర్కీ. దేవన్న కడ్డీ పెట్టి విన్నాడు, మూడో సిలిండర్ అన్నాడు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పితే మూతి పూడుకుపోయి ఉంది! తుర్కీ ఆ ఇంజెక్టర్‌ను చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "యా దేవన్!" అని గట్టిగా అరిచాడు. తెల్లటి తోబుకు నల్లటి మరక అయింది. చూసుకోలేదు.

ఆ మరునాటి నుంచి పందేలు. తుర్కీ గీత చూసి రోగం చెప్పాలి, దేవన్న కడ్డీతో విని చెప్పాలి, ఓడినవాడు చాయ్ తేవాలి. మొదటి వారం తుర్కీ చాయ్‌లు మోసి మోసి అలిసిపోయాడు. రెండో వారానికి నేల చదును చేసే గ్రేడర్ ఫ్యాను బెల్టు తెగబోతోందని దేవన్న కంటే ముందు పట్టేశాడు. ఆ రోజు దేవన్న చాయ్ మోస్తూ ఉప్పొంగిపోయాడంటే నమ్మండి. ఓడినందుకు అంత సంబరపడిన మనిషిని నౌమాన్ ఎక్కడా చూడలేదట. స్వార్థం ఎప్పుడో వెనకపడింది. ఇప్పుడాయన ఆ గీతలు చూడకుండా ఒక్క పూట ఉండలేడు.

సరిగ్గా ఆ ప్రేమే కొంప ముంచింది.

చాలా బండ్లకు డబ్బాను బానెట్ లోపల నీడలో బిగించారు. ఏడో నంబరు షేవల్‌కూ ఇంకో నాలుగైదు బండ్లకూ లోపల చోటు దొరకలేదు. మట్టీ రాయీ ఎత్తి లారీల్లో పోసే పెద్ద బండిని అక్కడ షేవల్ అంటారు. దానికి డబ్బాను హైడ్రాలిక్ ఆయిల్ ట్యాంకు పక్కన, ఆరుబయట బిగించారు. వేడి పట్టే బిళ్ల కూడా ఆ పక్కనే, జానెడు దూరంలో ఆయిల్ పైపు మీద ఉంది. ఆగస్టు ఎండ. ఒకరోజు దేవన్న ఆ డబ్బా మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. అట్లకాడ కాల్చి పెట్టినట్టుంది. ఇలా ఎండలో కాలితే ఈ బంగారం ఎన్నాళ్లు బతుకుతుంది? డబ్బాలు చచ్చిపోతే కంపెనీ వాటిని వాపసు పంపుతుంది, తుర్కీకి మళ్లీ ఖాళీ కుర్చీ మిగులుతుంది.

అప్పుడే ఆ షేవల్ ఆపరేటర్ ఓబులయ్య నీళ్లు తాగుతున్నాడు. అద్దానికి వేలాడే నీళ్ల బాటిల్‌కు తడి గోనె చుట్టి ఉంది. అక్కడ ఆపరేటర్లందరూ చేసే పనే అది. గోనె తడిపి గాలికి వేలాడదీస్తే నలభై ఎనిమిది డిగ్రీల్లో కూడా నీళ్లు చల్లగా ఉంటాయి. దేవన్నకు తళుక్కుమని వెలిగింది. ఒక గోనెపట్ట తెచ్చి, నీళ్లలో ముంచి, డబ్బాకు ముద్దుగా చుట్టి తాడు కట్టాడు. పట్ట కాస్త పెద్దది, పక్కనున్న పైపునూ బిళ్లనూ కూడా కప్పేసింది. కప్పితే కప్పనీ, అదీ చల్లగా ఉంటుందిలే అనుకున్నాడు. నీళ్ల బాటిల్‌ను ఇరవై రెండేళ్లు చల్లబెట్టిన బుద్ధి అది, అంతకు మించి ఆలోచించలేదు. "ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి జర నీళ్లు జల్లు ఓబులయ్యా" అని పురమాయించాడు. ఓబులయ్య శ్రద్ధగా చల్లాడు.

పదకొండు రోజులు గడిచాయి.

పదకొండో రోజు పదింపావుకు దేవన్న చాయ్‌లతో ఆఫీసుకు వెళ్లేసరికి తుర్కీ కుర్చీలో కూర్చోలేక నిలబడి ఉన్నాడు. కళ్లు మెరిసిపోతున్నాయి.

"దేవన్, రా, చూడు! మన బండ్లన్నిటిలో ఆరోగ్యమైనది ఏదో కనిపెట్టాను. ఏడో నంబరు! అందరి ఆయిల్ వేడి ఎనభై ఐదు దాటుతుంటే దీనిది డెబ్బై. ముదీర్‌కు చూపించాను." ముదీర్ అంటే మేనేజరు. "ముదీర్ నా భుజం తట్టాడు. రాతి గుంటలో పెద్ద బండరాళ్ల పని ఉంది కదా, ఇవాళ పొద్దున్నే ఏడును అక్కడికి పంపించాడు. రెండు బండ్ల పని ఇది ఒక్కటే చేస్తోంది!"

"శాబాష్!" అన్నాడు దేవన్న, కప్పు అందిస్తూ.

"ఇంకో వింత చూడు. మధ్య మధ్యలో ఊపిరి పీల్చుకున్నట్టు చల్లబడుతుంది. రోజుకు మూడుసార్లు. ఇదిగో, ఇక్కడ, ఇక్కడ."

గీత జర్రున కిందికి జారి, మెల్లగా పైకి పాకుతోంది. దేవన్న ఆ జారుడు కింద ఉన్న అంకెలు చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. ఏడు. తొమ్మిది. నిన్నటి గీత మీద ఏడు, తొమ్మిది, పదకొండు. మొన్నటి మీదా అవే.

తన కప్పును బల్ల మీద పెట్టేశాడు. బండి ఊపిరి పీల్చుకోవడం లేదు, ఓబులయ్య నీళ్లు చల్లుతున్నాడు! కంప్యూటర్ చూస్తున్నది ఆయిల్ వేడిని కాదు, తడి గోనె చల్లదనాన్ని. లోపల ఆయిల్ నిజంగా ఎంత కాగుతోందో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని ఆ బండిని, అందరికంటే చల్లనిదని, అందరికంటే కష్టమైన పనికి తోలారు.

నోరు మూసుకుంటే? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. సాయంత్రం మెల్లగా గోనె విప్పి పారేస్తే తుర్కీ పరువు నిలుస్తుంది, తుర్కీ నిలుస్తాడు, ఇకామా నిలుస్తుంది. చెప్తే మాత్రం, ముదీర్ ముందు తప్పు గీత చూపించి భుజం తట్టించుకున్న కుర్రవాడు రేపు మళ్లీ ఈ గడప తొక్కుతాడా? ఇదంతా రెండు ఊపిర్ల సేపు. మూడో ఊపిరికి గుంటలో రాళ్లు ఎత్తుతున్న ఓబులయ్య గుర్తొచ్చాడు.

"తుర్కీ, తప్పు నాది" అన్నాడు దేవన్న. "గా గీత అబద్ధం. డబ్బా ఎండకు కాలుతున్నదని నేనే తడి గోనె సుట్టిన. నీళ్లు జల్లుమన్నది నేనే. నీకు జెప్పలే. బండి లోపట ఆయిల్ కాలుతుండొచ్చు. ఇప్పుడే ఆపాలె."

తుర్కీ ముఖంలో వెలుగు మొత్తం పోయింది. ఫోన్ తీసి ఓబులయ్యకు చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. క్యాబిన్‌లో ఫోన్ ఉంచుకోకూడదని రూలు, అది ఎక్కడో అన్నం సంచీలో మోగుతూ ఉంటుంది. తుర్కీ కారు తాళాలు తీసుకుని పరుగెత్తాడు. దేవన్న కడ్డీ పట్టుకుని వెనకే పరుగెత్తాడు.

పన్నెండు కిలోమీటర్లు. ఇసుక రోడ్డు మీద కారు ఎగిరెగిరి పడుతుంటే దేవన్న తల పైకప్పుకు రెండుసార్లు తగిలింది. గుంట అంచుకు రాగానే కింద దుమ్ములో ఏడో నంబరు కనిపించింది, బకెట్ నిండా బండరాళ్లతో చెయ్యి పైకెత్తుతూ. దేవన్న కారు ఆగకముందే దిగి, రెండు చేతులూ ఊపుతూ ఏటవాలులో జారుతూ దిగాడు.

"దించు! బకెట్ కిందికి దించు ఓబులయ్యా! పని ఆపు!"

ఓబులయ్య బకెట్ దించి, క్యాబిన్ తలుపు తీశాడు. "ఏమైంది దేవన్నా? పొద్దున్నుంచి దీని చెయ్యి బరువుగా లేచ్చాంది. చెప్పినా కదా ఫోర్‌మేన్‌కు. కంప్యూటర్లో సల్లగుండాది, నువ్వు తోలుపో అన్న్యాడు. కంప్యూటరు కంటే నాకెక్కువ తెల్సునా అని తోల్తాండా."

దేవన్న గోనె తాడు కోసి, పట్టను లాగి అవతల పారేశాడు. తుర్కీ ఫోన్లో గీత తెరిచి పక్కన నిలబడ్డాడు. నిమిషం గడిచింది. డెబ్బై మూడు. ఇంకో నిమిషం. ఎనభై ఆరు. తుర్కీ పెదాలు కదులుతున్నాయి. తొంభై ఏడు. నూట నాలుగు! ఫోన్ ఎర్రగా మారి కీచుమని మొత్తుకుంది. దేవన్న కడ్డీని పంపు మీద పెట్టి చెవికి ఆనించాడు. లోపల గులకరాళ్లు వేయించినట్టు చప్పుడు.

"బతికే ఉన్నది! పంపు పోలే. గని ఇంకొక్క గంట అయితే పోతుండె. ఓబులయ్యా, ఇంజన్ మెల్లగ తిరగనీ, ఒక్కపారే బంద్ చెయ్యకు."

బానెట్ ఎత్తి చూస్తే తెలిసింది. ఆయిల్‌ను చల్లబరిచే జాలీ రాతిపొడితో అట్టకట్టి గోడలా ఉంది. గాలి దూరే సందు లేదు. పది నిమిషాలకు వేడి తొంభైకి దిగింది. ఓబులయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. దేవన్న చక్రం పక్కన కూలబడ్డాడు. ఆపద తప్పిందన్న సంతోషం ఎంతుందో సిగ్గు కూడా అంతే ఉంది.

"ఎన్ని రోజుల నుంచి?" అన్నాడు తుర్కీ.

"పదకొండు రోజులు."

"ఆ పదకొండు రోజుల గీతనే ముదీర్‌కు చూపించాను." తుర్కీ చెప్పుల్లోంచి ఇసుక దులుపుకున్నాడు. కారు వైపు నడిచాడు. తలుపు తీసి, వెనక్కి తిరగకుండా, "బుక్రా" అన్నాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

దేవన్న నీళ్ల ట్యాంకర్ ఎక్కి క్యాంపుకు వచ్చాడు. నౌమాన్ గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

"తుర్కీ పోతా పోతా ఏమన్న్యాడు?"

"బుక్రా అన్నడు."

నౌమాన్ దగ్గరికి వచ్చాడు. దేవన్న భుజం మీద చెయ్యి వేసి, "అన్నం తినుపో దేవన్నా" అన్నాడు. అంత మర్యాదగా నౌమాన్ ఎప్పుడూ మాట్లాడడు. దానితో దేవన్నకు మిగిలిన ఆశ కూడా పోయింది. ఆ రోజు ముత్యవ్వ ఫోన్ చేస్తే, పని ఎక్కువుందని చెప్పి తొందరగా పెట్టేశాడు.

తెల్లారి ఐదింటికి యార్డులో ఏడో నంబరు జాలీ విప్పి, కంప్రెసర్ గాలితో పొడి ఊదుతూ కూర్చున్నాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ చెవులు గేటు మీదే ఉన్నాయి. నలభై ఇంజన్లను విడివిడిగా గుర్తుపట్టే ఆ చెవులకు తుర్కీ కారు చప్పుడు ఒక లెక్కా? ఐదున్నర అయింది. లారీలు పోయాయి. ఆరయింది. పాల వ్యాన్ వచ్చింది. ఆరున్నర. ఇంక చాలు, రాడు, అని తనకు తానే చెప్పుకుని లేచి కంప్రెసర్ ఆపాడు.

ఆపిన ఆ నిశ్శబ్దంలో వినబడింది. ఎడమ వెనక షాకప్ కాస్త కొట్టుకుంటూ, ఆ కారే!

కారు గేట్లోంచి వచ్చింది. వెనక డిక్కీ మూతపడలేదు, అందులోంచి తెల్ల రంగు రేకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తుర్కీ దిగాడు. తోబు లేదు. మెకానిక్కులు వేసుకునే నీలం రంగు డాంగ్రీ, రెండు సైజులు పెద్దది, కాలరుకు ధర చీటీ ఇంకా వేలాడుతోంది. కాళ్లకు బూట్లు.

"ఆలస్యమైంది, మా నాన్న ఒంటెల దొడ్డికి వెళ్లి వస్తున్నాను" అన్నాడు తుర్కీ ఆయాసపడుతూ, రేకులు లాగుతూ. "రాత్రంతా నాకు ఒకటే గొడవ. డబ్బా చల్లగా ఉండాలి, కానీ బిళ్ల చల్లబడకూడదు. తడి గోనె రెండిటినీ చల్లబరుస్తుంది. మరి మా ఒంటెల నీళ్లతొట్టి మీద మా నాన్న ఏం చేశాడు? తెల్ల రేకు, మధ్యలో నాలుగు వేళ్ల సందు. గాలి ఆడుతుంది, ఎండ తగలదు, తడి లేదు! ఇదిగో, కోసి తెచ్చాను."

"ముదీర్‌కు జెప్పినవా?"

"నిన్న మధ్యాహ్నం గుంట నుంచి నేరుగా ఆయన ఇంటికే పోయాను. తప్పు గీత చూపించానని చెప్పాను. అరిచాడు."

"నా పేరు జెప్పాలె కద. చేసింది నేను."

"నువ్వు గోనె చుట్టావు. పదకొండు రోజుల్లో ఒక్కసారైనా పోయి బండిని చూడనిది నేను కదా? అదే చెప్పాను. ఆయన అరిస్తే నేనూ అరిచాను. ఆఫీసులో కూర్చుని బండ్లు చూడమంటే ఇలాగే ఉంటుంది, నన్ను యార్డులోకి పంపమన్నాను." తుర్కీ నవ్వాడు. "పంపాడు. ఇవాళ్టి నుంచి నా చోటు ఇక్కడే."

దేవన్న తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకున్నంత సేపే తుడుచుకున్నాడని అనుకోవద్దు. ఆ తరువాత ఇద్దరూ కలిసి జాలీ బిగించారు, రేకు బిగించారు, మధ్యలో నాలుగు వేళ్ల సందు వదిలారు. ఓబులయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఫోన్లో గీత పాకుతూ పోయి ఎనభై ఒకటి దగ్గర నిలిచింది. నిజమైన ఎనభై ఒకటి.

"కడ్డీ ఇవ్వు" అన్నాడు తుర్కీ.

దేవన్న ఇచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆ కడ్డీని ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదలు. చెవి పక్క ఎముక ఎక్కడో వేలితో చూపించాడు. తుర్కీ వంగి, కళ్లు మూసుకుని, పంపు మీద కడ్డీ ఆనించాడు. కాసేపటికి కళ్లు తెరిచాడు, ఇంతింతయ్యాయి.

"వినబడుతోంది! లోపల తిరగడం వినబడుతోంది దేవన్! ఫోన్లో గీత ఎలా ఉందో అలాగే, అదే తాళం!"

"మరి ఏమనుకున్నవ్?" అన్నాడు దేవన్న.

ఆఫీసు కిటికీలోంచి నౌమాన్ తల బయటపెట్టి చూస్తున్నాడు. తుర్కీ కడ్డీని భుజాన వేసుకుని, చీటీ వేలాడే కాలరుతో, డిక్కీలోని మిగతా రేకులను లెక్కపెట్టాడు.

"డబ్బా ఎండలో ఉన్న మిగతా బండ్లకు కూడా రేకులు కట్టాలి. బుక్రా పొద్దున ఐదింటికి వస్తాను. ముందు ఏ బండి?"

బుక్రా అన్న మాటను దేవన్న ఆ దేశంలో వేలసార్లు విన్నాడు. టైము చెప్పి, చేతిలో కడ్డీ పట్టుకుని, ఏ బండి అని అడిగిన బుక్రాను మాత్రం ఆ పొద్దునే విన్నాడు.

"పదకొండో నంబరు గ్రేడర్" అన్నాడు. "ఓడినోడు చాయ్ తేవాలె. యాదిపెట్టుకో."